దొడ్డమ్మ నడక

మేం ఆట తయారుచేసిన గది ఒక బట్టలుతికే దుకాణానికి వెనకవైపు ఉండేది. పన్నెండు దాటేసరికి గోడ అవతల ఆవిరి యంత్రాలు మొదలయ్యేవి. తడిసిన ఉన్ని, ఎవరెవరివో చెమటలు, మరకలు తీసే మందు, అన్నీ కలిసిన వాసన కిటికీలోంచి వచ్చి మా బల్లల మీద తిష్ట వేసేది. దానికి తోడు మా సొంత వాసనలు ఉండనే ఉన్నాయి. మూత పెట్టని నూడుల్స్ డబ్బాలు, కడగని కప్పుల్లో పచ్చగా పెరిగిన బూజు, కుర్చీల కింద విప్పి పడేసిన సాక్సులు. నెల తిరిగేసరికి ముక్కు అలవాటు పడుతుందనుకున్నాను. పడలేదు. వాంతి ఆపుకోవడం మాత్రం అలవాటైంది.

మేం నలుగురం. మా అక్క భర్త, అంటే మా బావ, మా అందరికీ పెద్ద. ఆట ఆలోచన ఆయనది. ఎక్కడ నవ్వు రావాలో, ఎంతసేపు రావాలో తేల్చేది ఆయనే. కోడ్ రాసేవాడు ముప్పై ఏళ్ళ మనిషి. తనలో తను గొణుక్కోకుండా ఒక్క లైను కూడా రాయలేడు కాబట్టి అతన్ని గొణుగుడు అనేవాళ్ళం, అతనూ పలికేవాడు. శబ్దాల పని చూసే మాస్టారు పొద్దున బళ్ళో పిల్లలకు సంగీతం చెప్పి, మధ్యాహ్నం మా దగ్గరికి వచ్చేవారు. బొమ్మలు గీసి వాటికి కదలిక ఇవ్వడం నా పని.

ఆట పేరు 'దొడ్డమ్మ దిగుతోంది'. ఎనిమిదో అంతస్తులో ఉండే భారీ శరీరమున్న ఒకావిడ. లిఫ్టు పాడయింది. రెండు చేతుల్లో సంచులతో మెట్లన్నీ దిగి కిందికి చేరాలి. ఆడేవాళ్ళు ఆవిడ కాళ్ళూ చేతులూ విడివిడిగా కదపాలి. కొంచెం తప్పినా ఆవిడ జారుతుంది, దొర్లుతుంది, పక్కింటివాళ్ళ తలుపు మీద పడుతుంది. ఆ పడడమే హాస్యం. దీన్ని బజారులోకి తెస్తానని ఒక కంపెనీ ఒప్పుకుంది. పెద్ద ఆటల ప్రదర్శనలో మాకొక బల్ల ఇస్తామంది. ఆ తేదీకి ఆట పూర్తి కాకపోతే ఆ బల్ల ఇంకొకరికి పోతుంది.

కంపెనీ తరఫున మాట్లాడే ఆవిడ ఒకసారి "ఇంకా నవ్వు రావాలి" అని ఒక ముక్క రాసింది. ఇంకా రోత కావాలంటోందని బావ అర్థం చేసుకున్నాడు. గోడ మీద ఒక పెద్ద కాగితం అతికించాడు. త్రేన్పులు పన్నెండు రకాలు, తుమ్ములు ఎనిమిది, నోట్లోంచి కారే జొల్లు మూడు రకాలు, ముక్కు చీదడం, చంకలు గోక్కోవడం. జొల్లు తీగను నాచేత తొమ్మిదిసార్లు గీయించాడు.

"ఇంకొంచెం సాగాలి. తెగబోయి తెగకుండా ఆగాలి. అప్పుడు చూసేవాడికి ఒళ్ళు జలదరించి, ఆ తర్వాత నవ్వొస్తుంది" అనేవాడు, నా భుజం మీదుగా వంగి. ఆయన నోట్లో పొద్దున తిన్న ఉల్లిపాయ వాసన ఇంకా పోలేదు.

"నాకు ఒళ్ళు జలదరించడం దగ్గరే ఆగిపోతోంది బావా."

"నువ్వు మామూలు జనం కాదుగా. నువ్వు చిత్రకారిణివి."

మాస్టారు రబ్బరు తొడుగులో మగ్గిన టమాటాలు వేసి మైకు ముందు పిసికేవారు. ఆ చప్పుడు వింటూ కళ్ళు మూసుకుని "ముప్పై ఏళ్ళు శ్రుతి చూసుకున్న చెవి ఇది" అనేవారు. ఎవరితో అంటున్నారో తెలిసేది కాదు.

ఇంత చేసినా దొడ్డమ్మకు ప్రాణం రాలేదు. ఆవిడ పడితే ఎవరో బీరువా తోసినట్టుండేది. నేను అద్దం ముందు నిలబడి నడిచి చూసుకున్నాను, నడుముకు దిండు కట్టుకుని మెట్లు దిగి చూసుకున్నాను. అంతా అబద్ధంలా వచ్చింది. ప్రదర్శనకు ముప్పై రెండు రోజులుందనగా బావ ఉత్సాహంగా వచ్చి నా కంప్యూటర్లో ఒక ఫైలు తెరిచాడు.

"ఒక నాటకాలావిడ దొరికింది. ఆవిడచేత చేయించి తీశాను. చూడు."

నల్లటి తెర మీద తెల్లటి చుక్కలు. తల, భుజాలు, మోచేతులు, తుంటి, మోకాళ్ళు, మడమలు. చుక్కకూ చుక్కకూ మధ్య గీత. వీడియోలో ఉన్న మనిషి రూపం తీసేసి కదలిక మాత్రం ఉంచే సాఫ్ట్‌వేర్ ఉంది, దానితో చేశాడట. చుక్కల మనిషి సోఫాలో కూర్చుని ఉంది. లేవబోయింది, మళ్ళీ కూలబడింది. రెండోసారి చెయ్యి పక్కకు ఆనించి తుంటి పైకెత్తింది, సగంలో ఆగింది, ఏదో గుర్తొచ్చినట్టు అలాగే ఒక క్షణం గాల్లో ఉండి మళ్ళీ కూర్చుంది. మూడోసారి మోకాలి మీద చెయ్యి పెట్టి ఒక్క తోపు తోసి లేచింది. లేచాక చెయ్యి గాల్లో పట్టుకోవడానికి దేన్నో వెతికింది.

నేను పగలబడి నవ్వాను. ఆ గదిలో అడుగు పెట్టాక మనస్ఫూర్తిగా నవ్వడం అదే మొదటిసారి. గొణుగుణ్ణీ మాస్టారునీ పిలిచి మళ్ళీ వేశాను. నలుగురం నాలుగుసార్లు చూశాం. ఆ సగంలో ఆగడం దగ్గర నాకు కళ్ళల్లో నీళ్ళొచ్చాయి.

"ఎవరు బావా ఈవిడ? ఏం నటి! ఇలా ఎవరికీ చేతకాదు."

"ఉందిలే ఒకావిడ. పేరు బయటికి వద్దంది."

ఆ తర్వాత రోజుకు రెండు మూడు చొప్పున చుక్కల ఫైళ్ళు వచ్చాయి. చెప్పు కోసం కాలి వేళ్ళతో తడుముకోవడం, వంగి ఏదో తీసి నడుం పట్టుకుని లేవడం, సంచులతో మెట్లు పక్కవాటుగా దిగడం. మొత్తం నలభై ఒక్క కదలికలు దొడ్డమ్మకు తొడిగాను. బావ కొన్ని శబ్దాలు కూడా తెచ్చి మాస్టారుకిచ్చాడు. ఆయాసం, మూలుగు, ఒక గురక. అవీ ఆ నటివేనన్నాడు. ఒక్కసారిగా దొడ్డమ్మ మనిషైంది. రెండు నిమిషాల ట్రైలర్ బయటికి వదిలితే జనం ఎగబడి చూశారు. సోఫాలోంచి లేచే ఆరు సెకన్ల ముక్కను కత్తిరించి 'సోమవారం పొద్దున నేను' అని రాసి ఒకరికొకరు పంపుకున్నారు. ఆ అభినందనలన్నీ బావ గట్టిగా చదివి వినిపించేవాడు. నేను గర్వపడ్డాను. ఆ మాట దాచి లాభం లేదు.

ఇంకా పదకొండు రోజులుంది. మంగళవారం. బావ కంపెనీ వాళ్ళతో మాట్లాడడానికి వెళ్ళాడు. మెట్లు దిగే కదలికలో నాకొక చిక్కొచ్చింది. దొడ్డమ్మ ఎడమ మడమ ప్రతి మెట్టు దగ్గరా ఈడ్చుకుపోయి మెట్టులోకి దిగబడుతోంది. సాఫ్ట్‌వేర్ చుక్కను తప్పుగా పట్టిందో, ఆ నటి నిజంగానే అలా దిగిందో అసలు వీడియో చూస్తే తప్ప తెలియదు.

"అసలు వీడియోలు ఎక్కడున్నాయి?" అని గొణుగుణ్ణి అడిగాను.

"చుక్కలు తీసే పని నా మెషీన్ మీదే నడుస్తుంది. 'మూలం' అని ఒక ఫోల్డరుంది చూడు. నేను తెరవలేదు" అన్నాడు తెర మీంచి కళ్ళు తిప్పకుండా.

తెరిచాను. అరవై మూడు వీడియోలు. మెట్ల తాలూకుది తీసి చూశాను.

మా అక్క.

వాళ్ళ అపార్ట్‌మెంటు మెట్లు. ఆ వారం వాళ్ళ లిఫ్టు నిజంగానే పాడయింది. అక్క రెండు సంచులు పట్టుకుని, గోడకు భుజం ఆనించి, ఒక్కో మెట్టూ రెండు పాదాలూ పెట్టుకుంటూ దిగుతోంది. పై అంతస్తులోంచి, కమ్మీల సందులోంచి తీసిన వీడియో. ఒక సంచైనా అందుకోవాల్సిన చేతులు ఫోను పట్టుకుని ఉన్నాయి.

ఎడమ మడమ ఈడ్పు సాఫ్ట్‌వేర్ తప్పు కాదు. రెండేళ్ళ కిందట అక్కకు తుంటి ఎముక ఆపరేషన్ అయింది. ఆ తర్వాత వాడిన మందులకు ఒళ్ళొచ్చింది, ఎడమ కాలు పూర్తిగా లేవడం మానేసింది. ఆసుపత్రి వరండాలో ఇరవై రోజులు నా చెయ్యి పట్టుకునే నడిచింది. ఆ నడక నాకు తెలిసినంతగా అక్కక్కూడా తెలియదు. అదే నడక చుక్కలుగా కనిపిస్తే మూడు వారాలు పళ్ళికిలించుకుని చూశాను.

మిగతావి తెరవకుండా ఉండాల్సింది. తెరిచాను. సోఫాలోది పుస్తకాల అరలోంచి తీశాడు, చట్రంలో ఒక పుస్తకం అంచు అడ్డం వచ్చింది. ఇంకోదాంట్లో అక్క నోరు తెరుచుకుని నిద్రపోతోంది, ఫోను ముఖానికి జానెడు దూరంలో ఉంది. స్నానం చేసి తువ్వాలుతో వచ్చి చెప్పు కోసం కాలితో తడుముకుంటున్నది ఒకటి. దాన్ని నేను 'చెప్పుల వేట' అని పేరు పెట్టి దొడ్డమ్మకు తొడిగాను. ఆ పేరు నేనే పెట్టాను.

సింకు దగ్గరికి పరిగెత్తాను. బూజు పట్టిన కప్పుల మీదే కక్కేశాను.

బావ మూడింటికి వచ్చాడు. చేతిలో శాండ్‌విచ్ పొట్లం. కూర్చుని విప్పి, కాగితానికి అంటుకున్న సాసు వేలితో తీసి నాకుతూ, "దొడ్డమ్మకి బొమ్మల పుస్తకం కూడా వేద్దామంటున్నారు. మన దశ తిరిగింది" అన్నాడు.

"నటి ఎవరో చూశాను" అన్నాను.

నాకడం ఆగింది. ఒక్క క్షణమే. మళ్ళీ మొదలైంది.

"చూశావా? సరే. ముఖం లేదుగా, ఒళ్ళు లేదుగా. చుక్కలు. చుక్కల్ని చూసి ఎవరు గుర్తుపడతారు? మూడు వారాలు నువ్వే పట్టలేకపోయావు."

"అక్కకి చెప్పావా?"

"చెబితే అలా కూర్చుంటుందా, అలా లేస్తుందా? కెమెరా ఉందని తెలిస్తే మనుషులు బిగుసుకుపోతారు. ఆ సహజత్వం కోసమే కదా..."

"తువ్వాలుతో ఉన్నది కూడా సహజత్వం కోసమేనా?"

"అది నేను, గొణుగుడి మెషీను తప్ప ఎవరూ చూడలేదు. నా పెళ్ళాన్ని నేను చూడకూడదా?" గొంతు తగ్గించాడు. "చూడూ, నాకు మీ అక్కంటే ప్రేమ. ఆ లేవడంలో ఎంత ముద్దుందో నాకొక్కడికే కనిపించింది. దాన్ని లోకానికి చూపించాను. నలుగురూ ఇష్టపడ్డారు. అయినా అందరికంటే ఎక్కువ నవ్విందెవరు? నువ్వు కాదూ?"

నవ్వింది నేనే. ఆయనకా సంగతి తెలుసు. శాండ్‌విచ్‌లో ఒక ముక్క తుంచి నా వైపు జరిపాడు.

గొణుగుడు మా వైపు తిరగలేదు. "నాకు చుక్కలే వచ్చాయి. చుక్కలకే కోడ్ రాశాను" అన్నాడు తెరతో. మాస్టారు మాత్రం హెడ్‌ఫోన్స్ తీసి బల్ల మీద పెట్టారు. ముఖం సున్నం కొట్టినట్టుంది.

"ఆ గురక టేపు చివర్లో ఒక మాటుంది" అన్నారు. "'ఏమండీ, లైటు తీసెయ్యండి' అని. నిద్రలోనే అంది. ఇది నటి గొంతు కాదు, ఎవరి ఇంట్లోదో అని అప్పుడే తెలిసింది. ఆ మాట కత్తిరించేసి మిగిలింది శుభ్రం చేసి పెట్టాను. వినపడనట్టు ఊరుకున్నానమ్మా."

ఎవరి వైపూ చూడలేకపోయాను. కంప్యూటరు నల్లటి తెర మీద నా ముఖం కనిపిస్తే అక్కణ్ణుంచీ కళ్ళు తిప్పుకున్నాను. వీడియోలన్నీ నా టాబ్లెట్‌లోకి ఎక్కించుకుని బయటికి వచ్చేశాను. వెనకనుంచి బావ "పదకొండు రోజులే ఉంది! దానికి ఇప్పుడే చెప్పకు, అయ్యాక నేనే చెబుతాను!" అని అరిచాడు.

అక్క ఒక ఆసుపత్రిలో మందుల కౌంటర్‌లో పని చేస్తుంది. మర్నాడు మధ్యాహ్నం వెళ్ళేసరికి వరసలో పదిహేను మంది ఉన్నారు. తెల్ల కోటు, బిగించి కట్టిన జుట్టు, నిటారుగా నిలబడి ఒక్కొక్కరికీ మందు చీటీ చూసి, పెట్టె మీద పెన్నుతో రాసి, ఏది ఎప్పుడు వేసుకోవాలో రెండేసిసార్లు చెబుతోంది. కౌంటర్ వెనక అక్క నడక ఎవరికీ కనిపించదు. నన్ను చూసి కనుబొమలు ఎగరేసింది. భోజనం వేళ దాకా ఆగాను.

సిబ్బంది గదిలో ఓ మూల బల్ల దగ్గర కూర్చున్నాం. ఎలా మొదలుపెట్టాలో రాత్రంతా అనుకున్నవేవీ నోటికి రాలేదు. "అక్కా, దొడ్డమ్మవి నువ్వే" అన్నాను. ఆ తర్వాత అంతా వాగేశాను. అక్క అడ్డు రాలేదు. చెయ్యి చాచింది. టాబ్లెట్ ఇచ్చాను.

అరవై మూడూ చూసింది. ఒక్కటీ దాటవెయ్యలేదు. తువ్వాలు వీడియో దగ్గర టాబ్లెట్‌ను తన వైపుకి ఇంకొంచెం వంచుకుంది, అంతే. అన్నీ అయ్యాక అడిగింది.

"వీటిల్లో నువ్వు దేనికి నవ్వావు?"

అబద్ధం చెప్పొచ్చు. చెప్పాలనిపించింది కూడా.

"సోఫాలోంచి లేచేదానికి."

అక్క దాన్ని మళ్ళీ తీసి చూసింది.

"ఆ రోజు నాకు జ్వరం" అంది. "మంచినీళ్ళు కావాలని ఆయన్ని పిలిచాను. పలకలేదు. ఇంట్లో లేరనుకున్నాను."

నేను ఏడుపు మొదలుపెట్టాను. అక్క ఏడవలేదు. "ఏడిస్తే నేను ఓదార్చాలి. నాకిప్పుడు ఓపిక లేదు, ఆపు" అంది. ఆపాను.

"ఎనిమిది గంటలు ఇక్కడ పొట్ట లోపలికి పట్టుకుని, కాలు సరిగా ఆనిస్తూ నిలబడతానే. ఇంటికెళ్ళి చెప్పులు విప్పగానే అంతా వదిలేస్తాను. అలా వదిలేసినదాన్ని తీశారు." డబ్బాలో అన్నం సగమే తింది. మూత బిగించి, చేతులు కడుక్కుని, అద్దంలో జుట్టు సరిచేసుకుంది. "సాయంత్రం మీ ఆఫీసుకొస్తాను. నువ్వూ ఉండు."

ఆరు కాకముందే వచ్చింది. ఆ గదికి అంతకుముందెప్పుడూ రాలేదు. గుమ్మంలో ఒక్క క్షణం ఆగి వాసనకు ముక్కు ముడిచి లోపలికి వచ్చింది. గోడ మీద త్రేన్పుల కాగితం పైనుంచి కింద దాకా చదివింది. బావ ఉలిక్కిపడి లేచి, తన కుర్చీ తుడిచి ముందుకు లాగాడు.

"ఆట పెట్టండి" అంది గొణుగుడితో.

నలుగురం వెనక నిలబడ్డాం. అక్కకు ఆటలు అలవాటు లేదు. దొడ్డమ్మ మాటిమాటికీ పడింది. జారింది, దొర్లింది, మూలిగింది, లేవబోయి సగంలో ఆగింది. గది నిండా మా అక్క ఆయాసం రెండు స్పీకర్లలోంచి వినిపిస్తుంటే, కుర్చీలో మా అక్క చప్పుడు లేకుండా ఊపిరి తీసుకుంటోంది. ఆరో అంతస్తు దాకా దిగింది. అప్పుడు చేతులు ఒళ్ళో పెట్టుకుంది.

"తుడిచేయడానికి ఎంతసేపు పడుతుంది?"

"తుడవడానికి నిమిషం మేడమ్" అన్నాడు గొణుగుడు. మొదటిసారి గొణక్కుండా మాట్లాడాడు. "మళ్ళీ చేయడానికి నెల."

"తుడిచేయండి."

బావ నేల మీద కూలబడ్డాడు. మా అక్క కాళ్ళ దగ్గర, ఎడమ పాదం పట్టుకుని. "తప్పే. కాళ్ళు పట్టుకుంటున్నాను. కానీ పది రోజులే ఉంది. ఇది నా ఒక్కడి కష్టం కాదు, వీళ్ళందరిదీ. నీ చెల్లెలు కళ్ళు పోయేలా గీసింది. ఒక్క ప్రదర్శన అయిపోనీ. ఆ తర్వాత నువ్వేమంటే అది."

"కాలు వదలండి. నొప్పిగా ఉంది."

వదిలాడు. అక్క నా వైపు చూసింది. నేను నా కుర్చీలో కూర్చుని నలభై ఒక్క కదలికలూ ఎంచుకుని తీసేశాను. "బ్యాకప్పులు?" అన్నాడు గొణుగుడు. "అవి కూడా" అంది అక్క. మాస్టారు తన వంతు వచ్చేదాకా ఆగలేదు, గురక ఎప్పుడో తీసేశారు. గొణుగుడు 'మూలం' ఫోల్డరు ఖాళీ చేశాడు. చివరికి నా టాబ్లెట్‌లోవి కూడా చెరిపేశాను.

అప్పుడు అక్క బావ ఫోను అడిగి తీసుకుంది. ఒక్కొక్కటే తెరిచి, అదేనని చూసుకుని, చెరిపింది. అరవై మూడు. చాలాసేపు పట్టింది. గోడ అవతల యంత్రాలు ఒక్కొక్కటే ఆగిపోయాయి. ఫోను తిరిగిచ్చి, "మీ బట్టలు రేపు ఇక్కడికి పంపిస్తాను. ఇంటికి రాకండి" అంది. కుర్చీ చేతుల మీద బరువు ఆనించి లేచింది. ఒక్కసారికే లేచింది. అందుకు ఎంత బిగపట్టిందో మెడ మీద నరాలు చెప్పాయి.

బావ ఆ గదిలోనే మకాం పెట్టాడు. పది రోజుల్లో ఆట ఇవ్వాలి, మాటిచ్చాం. వెళ్ళిపోదామనుకున్నాను. మాస్టారు "మధ్యలో పోతే వాడే మళ్ళీ ఎవరి ఇంట్లోనో దూరి తెస్తాడమ్మా, ఉండి కాపలా కాయి" అన్నారు. ఉన్నాను. సింకు పక్కన బావ బనియన్లు ఆరుతుంటే వాటి కింద కూర్చుని గీశాను.

ఈసారి బావే నటిస్తానన్నాడు. ప్రాయశ్చిత్తమట. నడుముకు దిండు కట్టుకుని నా కెమెరా ముందు పడ్డాడు, లేచాడు, మూలిగాడు. పడిన ప్రతిసారీ ఓరకంట మా వైపు చూసేవాడు, నవ్వామా లేదా అని. మోచేయి నిజంగా దోక్కుపోయినప్పుడు దాన్ని కూడా మాకు కనపడేలా పట్టుకున్నాడు. "మీ అక్కకి చెప్పు, ఎలా పడ్డానో" అన్నాడు. పశ్చాత్తాపాన్నీ తమాషాగా మార్చుకున్న మనిషిని చూడడం కంటే ఆ జొల్లు తీగను ఇంకో తొమ్మిదిసార్లు గీయడం నయమనిపించింది. అయినా ఆయన్నే గీశాను. తొడిగాను. దొడ్డమ్మ మళ్ళీ బీరువా అయింది.

ప్రదర్శనలో మా బల్ల దగ్గర జనం బాగానే ఆగారు. రెండు నిమిషాలు ఆడి, "ట్రైలర్లో ఆవిడ ఏది? ఆవిడ బాగుంది. ఇదేదో కావాలని పడుతున్నట్టుంది" అనేవారు. కంపెనీ ఆవిడ నన్ను పక్కకు పిలిచి పాత కదలికలు ఎందుకు తీసేశారని అడిగింది. ఆ నటి ఒప్పుకోలేదన్నాను. "ఒప్పించాల్సింది" అంది చప్పున, పెదాలకు రంగు దిద్దుకుంటూ. ట్రైలర్ తీయించాను కానీ, జనం కత్తిరించుకున్న ఆ ఆరు సెకన్లు ఎవరి చేతిలోనూ లేవు. లోకంలో తిరుగుతూనే ఉన్నాయి.

ఆట ఏదో నాలుగు రోజులు అమ్ముడై ఆగింది. గొణుగుడు వేరే చోట చేరాడు. మాస్టారు ఇప్పుడు బడి ఒక్కటే చూసుకుంటున్నారు. నేను మానేసి, వ్యాయామాలు నేర్పే ఒక సంస్థలో మోకాళ్ళు ఎలా వంచాలో బొమ్మలు గీస్తున్నాను. బావ నాకు రెండుసార్లు ఫోన్ చేశాడు, అక్కకు నచ్చజెప్పమని. మూడోసారి ఎత్తలేదు.

ఒక ఆదివారం అక్కే చెప్పింది. కౌంటర్‌లో కొత్తగా చేరిన పిల్ల భోజనాల వేళ ఫోను చూపించిందట. "'చూడండి మేడమ్, నేనూ పొద్దున్నే ఇలాగే లేస్తాను' అంది. ఆరు సెకన్లూ చూశాను. అదేమో కిందా మీదా పడి నవ్వుతోంది. నేనూ నవ్వాను. ఏం చెయ్యమంటావు?"

అక్క పల్చటి నవ్వు నవ్వి కప్పులు తీసుకుని లోపలికి వెళ్ళింది. తిరిగొచ్చి, ఎప్పటినుంచో నా దగ్గరున్న వాళ్ళింటి తాళంచెవి అడిగింది. కోపంగా కాదు. ఎరువిచ్చిన గొడుగు అడిగినట్టు. సంచిలోంచి తీసి బల్ల మీద పెట్టాను.

ఇప్పుడు వెళ్తే బెల్లు కొడతాను. లోపల ఏదో జరిపిన చప్పుడు, కుళాయి చప్పుడు, బీరువా తలుపు. ఒక నిమిషం పడుతుంది. తలుపు తీసేసరికి అక్క ఇస్త్రీ బట్టల్లో, దువ్విన జుట్టుతో నిటారుగా నిలబడి ఉంటుంది. "రా, ఎండలో పడి వచ్చావా" అంటుంది. చెప్పులు విప్పుకునే నెపంతో నేను కాసేపు తలొంచుకుని, అప్పుడు లోపలికి వెళ్తాను.